జానెడు తగ్గిన పన్నా

పోయిన వారం మనం ఆదెప్ప ఇంటి గడప మీద, కుళ్ళాయప్ప చెప్పుల దగ్గర ఆగిపోయాం. మగ్గమున్న సాలలోకి చెప్పులతో అడుగు పెట్టే మనిషి ధర్మవరంలో అంతవరకూ లేడు. కుళ్ళాయప్ప పెట్టాడు. ఆ చప్పుడు వినగానే ఆదెప్ప భార్య మునియమ్మ, పక్కనే నిలబడి ఉన్న ఉలిగమ్మను భుజం పట్టి మగ్గం గుంతలోకి తోసేసింది. నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంత అది. వేరే ఆడమనిషైతే తలా భుజాలూ పైకి కనిపించేవి. ఉలిగమ్మ పూర్తిగా మునిగిపోయింది.

ఆ వారం పత్రిక చేతికి అందనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఉలిగమ్మది పెనుకొండ పక్కన గొర్రెలు కాసుకునే ఇల్లు. మనిషి నాలుగున్నర అడుగులు. ఆరు సంబంధాలవాళ్ళు వచ్చి, చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని నవ్వుతూ వెళ్ళిపోయారు. ఏడోవాడు, హిందూపురం చింతపండు మండీలో తూకాలు వేసే గంగాధరప్ప, నవ్వలేదు. అయితే తాంబూలాల రోజున అరువు తెచ్చిన పెద్దచీర అంచు కాలికింద పడి, పిల్ల అందరి ముందూ బోర్లా పడింది. దీపం ఆరిపోయింది. పెండ్లికొడుకు మేనత్త రామసుబ్బమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. “పిల్ల వంటికి సరిపోయే పట్టుచీర కొత్తది తెచ్చుకోండి. కత్తెర పడిన గుడ్డా, సూది తగిలిన గుడ్డా మా ఇంట్లో ముహూర్తానికి పనికిరాదు. పీటల కాడ ఇంగోసారి పడిందంటే పెండ్లి ఆడికే సరి.”

ఆవిడ అంత సులువుగా అనేసింది గానీ, ఆ చీర దొరికేదెక్కడ? యుద్ధం రోజులు. మైసూరు పట్టంతా విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పోతోంది. దొరికిన చీరలేమో ఆరడుగుల ఆడవాళ్ళ కోసం నేసినట్టు ఉన్నాయి. చివరికి ధర్మవరం నేతగాడు ఆదెప్ప ఒక్కడే సరేనన్నాడు. “పెద్దచీర కొని నడుము కాడ దోపుకుంటే మూటగట్టిన మాదిరి ఉంటావు పాపా. నేను చీర వెడల్పు, అదే పన్నా, తగ్గించి నేస్తా. పట్టు తక్కువ పడతాది. సన్నంచు వేసి, అడ్డం నేసే పేకలో చారలు పెడతా. కట్టుకుంటే చారలు నిలువుగా నిలబడతాయి. నువ్వు పొడుగ్గా కనపడతావు చూడు,” అన్నాడు. చీరకు బదులుగా ఉలిగమ్మ ఇరవై రోజుల నుంచి ఆ ఇంట్లో కండెలు చుడుతోంది, మునియమ్మ పక్కన కూర్చొని, పడుగులోంచి అడ్డంపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసరడం నేర్చుకుంటోంది. సోమవారం పెనుకొండలో ముహూర్తం. ఈ రోజు శనివారం. చీర కొసన బెత్తెడు మాత్రం నేయాల్సి ఉంది. ఇదీ సంగతి. ఇక కుళ్ళాయప్ప దగ్గరికి పోదాం.

“ఏమప్పా ఆదెప్పా, బాగుండావా?” అన్నాడు కుళ్ళాయప్ప.

గుంతలో నుంచి ఉలిగమ్మకు ఆయన మొహం కనిపించలేదు. కిర్రుచెప్పులూ, తెల్లటి పంచె కొసలూ కనిపించాయి. ఆ వెనకే రంగయ్య కాళ్ళు. రంగయ్య అంటే కుళ్ళాయప్ప ఎక్కడికి పోతే అక్కడికి వెనకాల నడిచే మనిషి. ఆయన దగ్గితే వీడు ఉమ్ముతాడు.

“బాగుండాననా. రాండి, కూచోండి,” అన్నాడు ఆదెప్ప. 

“కూచునేదానికి రాలేదు ల్యా. మా పుట్టమ్మ చీరలు యాడిదాకా వచ్చినాయో చూసిపోదామని వచ్చినా.”

ఆ వీధిలో ఏ మగ్గం ఆడాలన్నా పట్టు ఇచ్చేవాడు కుళ్ళాయప్పే. మూడు చీరలకు సరిపడే నిలువుపోగుల పడుగు ఒక్కటి ఆదెప్పకు ఇచ్చాడు. రెండు చీరలు ఆయన కూతురు పుట్టమ్మ పెండ్లికి. మూడోది ఆదెప్పకు కూలి కింద. ఆ మూడో చీరను ఎవరికి నేసుకున్నా, ఎంత పన్నాలో నేసుకున్నా అడిగేవాడు లేడు. కానీ పట్టు ఇచ్చిన ఆసామి చీరలు ముందు, నేతగాడి చీర చివర. ఇది ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు.

ఆదెప్ప తనది ముందు నేశాడు. ఉలిగమ్మ ముహూర్తం ముందుంది గనక నేశాడు. పన్నా తగ్గాలంటే పోగులు దూరే అచ్చుకు రెండు పక్కలా కొన్ని పోగులు ఊడదీయాలి. ఊడదీసిన పోగుల్ని జడలాగా అల్లి పైన వాసానికి కట్టాడు, తర్వాత మళ్ళీ అతుక్కుందామని. అతుక్కోవచ్చా? ఒకసారి బిగువు పోయిన పట్టుపోగు మళ్ళీ పక్కపోగుతో సమానంగా నిలవదు. ఆ పడుగులో ఇక వచ్చేవన్నీ పొట్టి పన్నా చీరలే. ముప్పై ఏళ్ళు నేసినవాడికి ఈ సంగతి తెలియదా? తెలుసు. ఆ పిల్ల మొహం చూసి, ఎట్లో ఒకట్ల సర్దుకుంటాలే అనుకున్నాడు. నాకూ ఆయన మీద కోపమే వచ్చింది, రాస్తున్నప్పుడు. కానీ ఏం చేద్దాం, మంచివాళ్ళు చేసే తప్పులు ఇట్లాగే ఉంటాయి.

కుళ్ళాయప్ప మగ్గం మీదికి వంగాడు. నేసిన బట్ట ముడుచుకోకుండా అంచు నుంచి అంచుకు గుచ్చే వెదురుబద్ద ఒకటి ఉంటుంది. ముందు దాన్ని చూశాడు. తర్వాత మోచెయ్యి బట్ట మీద ఆనించి కొలిచాడు. ఒక మూర. రెండు మూరలు. అక్కడితో బట్ట అయిపోయింది.

“ఇంగో జానెడు యాడికి పోయిందప్పా?” అని నెమ్మదిగా అడిగాడు.

ఆదెప్ప చూపు వాసం మీదికి పోయింది.

“నిన్నే అడుగుతాండేది. నా పట్టు జానెడు యాడ?”

“పైన ఉండాదనా. వాసానికి కట్టి పెట్టినా. ఒగ పోగు కూడా పోలేదు. ఇది... ఇది నా కూలి చీర. ముందు నేసినా, తప్పే. మీ రెండూ—”

“మా పుట్టమ్మ ఐదున్నర అడుగులుండాది. మోకాళ్ళ పైకి చీర కట్టుకొని పీటల మీద కూచోమంటావా నా బిడ్డను? నలుగురూ చూసి నవ్వల్లనా?”

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. బిడ్డ పెండ్లి ఆయనకూ పెండ్లే. అక్కడితో ఆగి, వీధి పెద్దల్ని పిలిచి నాలుగు తిట్టి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. కానీ కుళ్ళాయప్పకు తిట్లతో కడుపు నిండదు.

“రంగయ్యా, చెయ్యి పట్టుకో.”

రంగయ్య ఆదెప్ప కుడిచెయ్యి మెలిపెట్టి, మగ్గం ముందు నేతగాడు కూర్చునే రాతిపలక మీద పరిచి తొక్కిపెట్టాడు. మూలన కారం నూరే గుండ్రాయి ఉంది. కుళ్ళాయప్ప దాన్ని రెండు చేతులా ఎత్తాడు. మునియమ్మ ఆయన కాళ్ళ మీద పడింది. “వద్దప్పా! ఆ చెయ్యితోనే గదప్పా మేము తినేది! నన్ను కొట్టు, నన్ను చంపు!” ఆయన ఆమెను కాలితో పక్కకు తోసి, రాయి దించాడు.

ఉలిగమ్మ ఆ చప్పుడు విన్నది. ఎండుపుల్లలు విరిగినట్టు వినిపించింది. ఆదెప్ప వెంటనే అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు, ఆ తర్వాత అరిచాడు. రాయి రెండోసారి కూడా పడింది. రాతిపలక మీద నుంచి రక్తం కారి, గుంత అంచున బొట్టుబొట్టుగా ఉలిగమ్మ మోకాలి మీద పడసాగింది. ఆ పిల్ల తన పిడికిలి తానే కొరుక్కుంది. నా వల్ల, నా వల్ల, నా పొట్టికాళ్ళ వల్ల అనుకుంది. లేచి బయటికి రావాలనుకుంది. గుంతలోనే ఉండిపోయింది. భయం వేసింది, సిగ్గు కూడా వేసింది.

“ఇంగ చూడు,” అన్నాడు కుళ్ళాయప్ప. పంచె వెనక నుంచి కొడవలి తీశాడు. “నా పడుగు నాకు అక్కర్లే. నీకూ వద్దు. ఆ పొట్టిముండ ఎవురో గానీ, దానికీ వద్దు.”

“పడుగుకు కత్తి పెట్టొద్దప్పా!” మునియమ్మ గొంతు చీరుకుపోయింది. మొగుడి వేళ్ళు నలిగినప్పుడు కూడా ఆమె అట్లా అరవలేదు. మగ్గం మీదున్న పడుగును కోయడమంటే ఆ ఇంట్లో మనిషిని కోయడమే. సాలెవాళ్ళు శత్రువు మగ్గానికి కూడా ఆ పని చేయరు.

కుళ్ళాయప్ప గుంత అంచుకు వచ్చి, ఎడమకాలు ముందుకు వేసి, పోగుల మీదికి కొడవలి ఎత్తాడు. ఆ కాలు ఉలిగమ్మ మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ పిల్ల ఇంకేమీ ఆలోచించలేదు. రెండు చేతులా మడమ పట్టుకొని, పొట్టేలు కాలు పట్టి పడేసినట్టు ఒక్క గుంజు గుంజింది. చిన్నప్పటి నుంచీ చేసిన పనే గదా!

అంత లావు మనిషి గుంతలోకి జారిపోయాడు. పడుతూ పడుతూ కొడవలి విసిరాడు. అది పోగుల్ని తప్పి ఉలిగమ్మ భుజంలో దిగింది. ఆయన కుడికాలు మగ్గం గుంజకూ గుంత గోడకూ మధ్య ఇరుక్కుంది, ఒళ్ళు మాత్రం కిందికి పోయింది. ఎముక విరిగింది. తల వెళ్ళి అటు గుంజకు కొట్టుకుంది. ఆయన కళ్ళు తేలేశాడు.

ఉలిగమ్మ ఆయన మీద నుంచే పైకి పాకి వచ్చింది. భుజంలోంచి కొడవలి పీకి చేత్తో పట్టుకొని రంగయ్య వైపు తిరిగింది. అప్పటికి ఆమె రవిక సగం ఎర్రబడింది.

“రా,” అంది. “నువ్వూ రా.”

రంగయ్య ఆమెను చూశాడు, గుంతలో కదలకుండా పడున్న ఆసామిని చూశాడు. “చంపేసినారో! కుళ్ళాయప్పను చంపేసినారో!” అని కేకలేస్తూ వీధిలోకి పరుగెత్తాడు. ఒక్కసారి వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి ఉంటే తెలిసేది, ఆయన ఊపిరి తీస్తున్నాడని. అంత తీరిక వాడికి ఎక్కడిది!

మునియమ్మ ఉరికి తలుపు మూసి, అడ్డగడియ వేసింది. ఆ సాలకు ఉన్నది ఒక్కటే తలుపు. తర్వాత పాత చీర చించి మొగుడి చేతికి చుట్టింది. మూడు వేళ్ళు ఎటు పడితే అటు తిరిగి ఉన్నాయి. ఆదెప్ప గోడకు ఆనుకొని, ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

ఉలిగమ్మ తన భుజానికి తానే గుడ్డ బిగించి కట్టుకుంది. ఒక చుట్టు చాలక మూడు చుట్లు చుట్టింది, పట్టు మీద చుక్క పడకూడదని. కొడవలి దూరంగా మూలకు విసిరేసి, వచ్చి మగ్గం పలక మీద కూర్చుంది.

“ఏం చేస్తాండావే?” అంది మునియమ్మ.

“బెత్తెడు ఉండాది గదత్తా.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా? వాళ్ళు ఇప్పుడొస్తారు. ఉన్నకాడికి దించుకొని పో!”

“కొస పడకుండా దించితే పోగులు ఊడిపోతాయి. మామే చెప్పినాడు. కొస ఊడిన చీర కట్టుకొని పోతే ఆ రామసుబ్బమ్మ నన్ను పీటలెక్కనిస్తాదా?” నాడె చేతిలోకి తీసుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వాటిని తుడుచుకోలేదు. “ఆరుమంది నన్ను చూసి నవ్వినారత్తా. ఆయప్ప ఒగడే నవ్వలేదు. నాకు ఆయప్ప కావల్ల. మామ చెయ్యి పోయింది ఈ చీరకే. దీన్ని వదిలేసి నేనెట్ల పోతా?”

ఆదెప్ప గోడకు ఆనుకొనే అన్నాడు. “నేయనీయే దాన్ని.”

ఉలిగమ్మ కాళ్ళు కిందికి చాచింది. తొక్కుడుబద్దలు అందలేదు. అవి ఆదెప్ప కాళ్ళకు కట్టినవి. జానెడు కిందికి ఉన్నాయి. పలక అంచుకు జరిగి, నడుము వంచి, బొటనవేళ్ళు సాచింది. అయినా అందలేదు. ఒక బద్ద తొక్కితే సగం పోగులు పైకి లేస్తాయి, ఇంకోటి తొక్కితే తక్కిన సగం. అవి లేవకపోతే నాడె ఎక్కడి నుంచి పోవాలి? దేవుడు నన్ను ఇంత పొట్టిదాన్ని ఎందుకు చేశాడని ఆ పిల్ల మగ్గం గుంజ మీద చేత్తో బాదింది.

అప్పుడే వీధిలో జనం చప్పుడు మొదలైంది. కుళ్ళాయప్ప పట్టు దుకాణం మనుషులు, కట్టెలు పట్టుకొని, పది పదిహేనుమంది. తలుపు మీద దబదబా బాదారు. అడ్డగడియ గట్టిది, కదలలేదు.

“తలుపు తియ్యండిరా! ఆసామిని చంపి లోపల దాక్కుంటారా!”

“బతికే ఉండాడప్పా! ఆయప్ప బతికే ఉండాడు!” అని మునియమ్మ లోపల నుంచి గొంతు చించుకుంది. అంత గోలలో ఎవరు వింటారు? విన్నవాళ్ళు మాత్రం నమ్ముతారా? రంగయ్య గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది. “నా కండ్లతో చూసినా! తల పగిలిపోయింది! నిప్పు పెట్టండిరా, వాళ్ళే బయటికి వస్తారు!”

సాల కప్పు బోదగడ్డి. మూడు నెలలుగా చినుకు పడలేదు. గడ్డి చిటపటమనడం లోపలివాళ్ళకు ముందు వినిపించింది, పొగ తర్వాత వచ్చింది. తూర్పు మూలన కప్పులో పిడికెడు వెలుతురు పడింది. చూస్తుండగానే అది తలుపంత అయింది.

మునియమ్మ నీళ్ళకుండ ఎత్తుకొని అటు పరుగెత్తింది. ఆదెప్ప ఎడమచేత్తో తడిగోనె పట్టుకొని వెనకే పోయాడు.

గుంతలో కుళ్ళాయప్ప కదిలాడు. పొగ ముక్కులోకి పోయి దగ్గాడు. కళ్ళు తెరిచి ముందు పైకి చూశాడు, తర్వాత బయటి కేకలు విన్నాడు. తన మనుషుల గొంతులు ఆయనకు తెలియవా?

“రేయ్! రంగయ్యా! నేను లోపలే ఉండానురా! బతికే ఉండానురా, నా కొడకా!” అరుపు నాలుగడుగులు కూడా పోలేదు. ఛాతీ పట్టేసింది. మోచేతుల మీద లేవబోయాడు, విరిగిన కాలు గుంజ మధ్య నుంచి రాలేదు. చచ్చే నొప్పికి వెనక్కి పడ్డాడు. నెత్తి మీద ఉలిగమ్మ కాళ్ళు వేలాడుతున్నాయి.

“అమ్మీ! తలుపు తియ్యి. నన్ను వాళ్ళకు చూపించు. మంట ఆర్పిస్తా.”

ఉలిగమ్మ కిందికి చూసింది. అంతవరకూ ఆయన మొహం ఆమె సరిగా చూడలేదు. బుగ్గలు, తెల్లటి మీసం, కంటి మీదికి కారుతున్న రక్తం. మామూలు ముసలాయన. గొర్రెల సంతలో కనిపిస్తే పెద్దాయనా అని పిలిచేది.

“ఊరికే తలుపు తీస్తే నిన్ను చూసేలోపల మమ్మల్ని నరుకుతారు,” అంది. “ముందర నిన్ను గుంతలోంచి తీయల్ల, గడప మీదికి మోయల్ల. మేము ముగ్గరం పడితేనే అవుతాది.”

“పట్టండి మరి! ఏమిటికి చూస్తాండారు?”

“చీర కొస పడినాక.”

కుళ్ళాయప్పకు మాట అర్థం కాలేదు. “ఏంది?”

“చీర అయిపోయినాక నిన్ను తీస్తా. అంతవరకూ ఈ పలక మీదనుంచి లేయను. నేను లేయకుండా నువ్వు రాలేవు.”

“నీయమ్మ... కాలి సస్తామే అందరం! నువ్వు కూడా సస్తావు!”

“సస్తే సస్తా. మళ్ళా పోయి ఇంట్లో గొర్రెల మధ్యన కూచుని, పడిపోయిన పిల్ల అనిపించుకునేది నాతో కాదు.” ఉలిగమ్మ నాడెలో పోగు సరిచేసింది.  “నా కాళ్ళకు బద్దలు అందవు. నీ చేతికాడనే ఉండాయి, చూడు. నేను చెప్పినప్పుడు చెప్పింది నొక్కు.”

కుళ్ళాయప్ప బూతులు తిట్టాడు. ఈ పత్రికలో అచ్చు వేయలేనివి తిట్టాడు. ఉలిగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. కప్పులోంచి కాలిన గడ్డి కుచ్చు ఒకటి ఊడి ఆయన ఛాతీ మీద పడింది. దాన్ని చేత్తో కొట్టుకొని, కొట్టుకొని, ఆర్పుకున్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. చుట్టూ చూశాడు. ఆయన నడుము దగ్గర రెండు బద్దలున్నాయి, నేతగాళ్ళ కాళ్ళ కింద అరిగిపోయి నున్నగా. నలభై ఏళ్ళ వ్యాపారంలో వాటిని ఆయన ఏనాడూ ముట్టుకోలేదు.

“ఎడమ,” అంది ఉలిగమ్మ.

బద్ద కిందికి దిగింది. పోగులు విచ్చుకున్నాయి. నాడె అటు పోయింది. ఆమె అచ్చును ముందుకు లాగి కొట్టింది, గాయమైన భుజం భగ్గుమంది.

“కుడి.”

నాడె ఇటు వచ్చింది.

మొదట తడబడ్డారు. ఆయన కుడికి ఎడమ నొక్కాడు, ఆమె తిట్టింది, వేసిన పోగు విప్పి మళ్ళీ వేసింది. తర్వాత చేతులు కలిశాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఒక వేలి మందం పడింది. రెండో వేలి మందం కూడా పడింది. మునియమ్మ కుండలో నీళ్ళు అయిపోయాయి. ఇప్పుడు ఉత్త గోనెతో కొడుతోంది. కప్పు సగానికి సగం అంటుకుంది. తలుపు మీద దెబ్బలు ఆగిపోయాయి, బయటివాళ్ళు కూడా వేడికి వెనక్కి జరిగారు కాబోలు.

నిప్పురవ్వ ఒకటి పడుగు మీద పడింది. నాలుగు పోగులు ముడుచుకొని తెగిపోయాయి. ఉలిగమ్మ వంగి ఒక్కొక్కటే పట్టుకొని ముడి వేసింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో పోగు కొస పొగలో కనిపించలేదు. మొహం బట్టకు ఆనించి వెతికింది.

“అమ్మీ, చాలు! వాసం పడిపోతాది, లెయ్!” అని ఆదెప్ప వెనక నుంచి అరిచాడు. “నా చెయ్యి పోతే పోయింది, నువ్వన్నా బతుకు!”

“ఇంగా రెండు వేళ్ళుండాది మామా.”

నెత్తి మీద నడివాసం పెద్ద చప్పుడుతో పగిలి ఒక పక్కకు ఒరిగింది. నాలుగో పోగు దొరికింది. ఉలిగమ్మ దాన్ని పంటితో పట్టి ముడి బిగించి, నాడె ఎత్తి పట్టుకుంది. కానీ నోట మాట రాలేదు, పొగకు గొంతు పూడుకుపోయింది.

గుంతలో నుంచి దగ్గుతూ, ఏడుస్తూ, కుళ్ళాయప్ప గొంతు పైకి వచ్చింది.

“బిరీన చెప్పు తల్లీ, ఎడమా, కుడా?”